మాస్టారి బ్రేకులో గాలి

డ్రైవింగు మాస్టారి కాలు ఎప్పుడూ బ్రేకు మీదా, నోరు ఎప్పుడూ యాక్సిలరేటరు మీదా ఉంటాయని ఆయన శిష్యులు చెప్పుకునేవాళ్లు. ఎదురుగా కాదులెండి, ఆయన చెవిన పడనంత దూరంలో. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన నేర్పే కారులో పక్క సీటుకు కూడా విడిగా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టి తల నెరిసేదాకా మాస్టారు ఆ పక్క సీట్లోనే బతికారు. ఎవరో నడుపుతారు, ఎవరో తడబడతారు, గోడకో మనిషికో గుద్దేలోగా ఈయన కాలు తొక్కేస్తుంది. అలా ఆ కాలు ఎన్ని మోకాళ్లను, ఎన్ని ముక్కులను కాపాడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. తగలని దెబ్బను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఇంట్లో సినిమా చూస్తున్నప్పుడు తెర మీద లారీ ఎదురొచ్చినా ఆయన కాలు నేలను తొక్కేది. "నేల అరిగిపోతుందండీ, ఇంక చాలించండి," అని భార్య కసురుకునేది.

ఆమె బట్టలు కుడుతుంది. వీధిలో అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, దాని కింద ఇనుప జల్లెడలాంటి తొక్కుడు పలక. ఊళ్లో టైలర్లందరూ మిషన్లకు మోటార్లు పెట్టించుకున్నా ఆమె ఒప్పుకోలేదు. మోటారు తొక్కితే సూది ఎక్కడుందో తన కాలికి తెలియదట. ఆ మాటంటే మాస్టారికి మహా ఇష్టం. కొత్తగా వచ్చిన శిష్యులను ముందు ఆ కిటికీ దగ్గరికే తీసుకొచ్చేవారు. "చూడండి, ఆ కాలు చూడండి. గుడ్డ మందంగా ఉన్నచోట ఎలా నెమ్మదిస్తోందో చూశారా? అదీ కాలంటే!" అనేవారు. టైలరమ్మ సిగ్గుపడి తెర లాగేసేది.

ఆయన మొదటి పాఠం కూడా కాలిదే. కారును ఖాళీ మైదానంలో ఆపి, శిష్యుడి చేత చెప్పులు విప్పించి, కళ్లు మూసుకోమనేవారు. "క్లచ్చు మెల్లగా వదులు. బండి ఎక్కడ పట్టుకుంటుందో కాలితో విను. కళ్లతో చూసేవాడు ఎప్పటికీ నేర్చుకోలేడు." పాఠాలు మధ్యలో మానేసి పోయినవాళ్లకు కూడా ఈ ఒక్క మాట మాత్రం గుర్తుండిపోయేది.

ఇంత చెప్పాక ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య ఒకరోజు మాస్టారు వీధి చివర కొట్టు దాకా వెళ్లి ఒంటి చెప్పుతో తిరిగొచ్చారు. రెండో చెప్పు కాలువ పక్కన పడి ఉంటే ఎదురింటావిడ తెచ్చి ఇచ్చింది. "ఎవరిని తలుచుకుంటూ నడుస్తున్నారు మాస్టారూ?" అని ఆవిడ మేలమాడితే వీధి వీధంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. టైలరమ్మ నవ్వింది గానీ, ఆ రాత్రి ఆయన షుగరు మాత్రలు వేసుకున్నారో లేదో రెండుసార్లు అడిగింది.

అసలు గొడవ నర్సమ్మతో మొదలైంది. నర్సమ్మ అంటే మాస్టారి దగ్గర అప్పుడు నేర్చుకుంటున్న ఒకే ఒక్క శిష్యురాలు. ఆసుపత్రిలో నర్సు పని. డ్యూటీకి ఎవరి మీదా ఆధారపడకుండా తన కాళ్ల మీద తాను నిలబడాలని, అంటే తన చక్రాల మీద తాను పోవాలని ఆవిడ పట్టుదల. ఒకరోజు పాఠంలో మలుపు తిరుగుతుంటే సైకిలు మీద నీళ్ల డబ్బాలు కట్టుకున్న మనిషి అడ్డం వచ్చాడు. నర్సమ్మ బిగుసుకుపోయింది. మాస్టారు బ్రేకు తొక్కారు. తొక్కితే దూదిలో అడుగుపెట్టినట్టు అనిపించింది. మళ్లీ తొక్కారు. కారు ఆగింది గానీ, సైకిలు వెనక చక్రాన్ని తగిలి ఆగింది. మనిషి పక్కకు పడ్డాడు, డబ్బాలు దొర్లాయి, రోడ్డంతా నీళ్లు. దెబ్బలేమీ పెద్దగా తగల్లేదు. లేచి ఇద్దరినీ చెడామడా తిట్టి, సైకిలు నెట్టుకుంటూ పోయాడు.

నర్సమ్మ ఏడుస్తుంటే మాస్టారు, "నీ తప్పు కాదమ్మా. బ్రేకు పైపులో గాలి చేరింది. అందుకే మెత్తబడింది," అన్నారు. ఆ మాట ఆయన నమ్మే అన్నారు. క్లచ్చు కూడా కొన్నాళ్లుగా ఎక్కడ పట్టుకుంటుందో అంతు చిక్కడం లేదు. రెండూ ఒకే ఆయిలు మీద నడుస్తాయి కాబట్టి గాలి రెంటిలోనూ దూరి ఉంటుందని లెక్క తేల్చుకున్నారు. ఆ గాలి తీయకపోతే పక్క సీట్లో ఆయన కూర్చున్నా ఒకటే, బియ్యం బస్తా కూర్చున్నా ఒకటే. పాఠాలు ఆగిపోతాయి. ఆయనకు వేరే పని రాదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. అతనూ ఒకప్పటి శిష్యుడే. కారును ఒక చుట్టు తిప్పి తెచ్చి, "బ్రేకు రాయిలా ఉంది మాస్టారూ. క్లచ్చు కూడా బ్రహ్మాండం. గాలీ లేదు, గీలీ లేదు," అన్నాడు.

"నాకు నేర్పుతున్నావా? నిన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి కాళ్లెక్కడ పెట్టుకోవాలో చెప్పింది ఎవరు?"

"మీరే మాస్టారూ. అందుకే చెబుతున్నా, బాగానే ఉంది."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే, పూర్వమైతే అలా అనేవాళ్లం. ఒక ఆయిలు డబ్బా కొనుక్కుని ఇంటికొచ్చేసి, మర్నాడు సాయంత్రం పాఠానికి రమ్మని నర్సమ్మకు ఫోను చేశారు. "ఆ సరికి బండి తయారుగా ఉంటుంది. మా ఆవిడా నేనూ కూర్చుంటే ఎంతసేపు!"

ఆ పనికి నిజంగానే ఇద్దరు కావాలి. ఒకరు పెడలు దగ్గర, ఒకరు చక్రం దగ్గర. చక్రం లోపలివైపు ఒక చిన్న నట్టు ఉంటుంది. దానికి సన్నని గొట్టం తగిలించి, గొట్టం రెండో చివర సీసాలో పెడతారు. లోపలివాళ్లు పెడలు తొక్కి పట్టాలి. అప్పుడు బయటివాళ్లు నట్టు తిప్పితే పాత ఆయిలూ, గాలీ బుడగలు బుడగలుగా సీసాలోకి వస్తాయి. నట్టు మళ్లీ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే వచ్చిన గాలి వచ్చినట్టే లోపలికి పోతుంది. చెప్పుకుంటే ఇంతే. ఆ ఇంటి మొగుడూ పెళ్లాలు దీన్ని ఏళ్ల తరబడి ఏడాదికోసారి చేస్తూనే ఉన్నారు. చెయ్యి ఆయనది, కాలు ఆమెది. మధ్యలో మూడే మాటలు: తొక్కు, పట్టు, వదులు.

మర్నాడు భోజనాలయ్యాక ఇంటి పక్క రేకుల కింద కారును జాకీ మీద లేపి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి మాస్టారు కేకేశారు. టైలరమ్మ మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాన్ని అలాగే వదిలి, మెడలో టేపుతోనే వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఆయిలు చుక్క పడితే కారు రంగు లేచిపోతుందని ఒక బకెట్లో నీళ్లు కూడా తెచ్చి పెట్టుకుంది. మాస్టారు పాత చాప పరుచుకుని వెనక చక్రం పక్కన వెల్లకిలా పడుకున్నారు.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు."

"పట్టా."

నట్టు తుప్పు పట్టి మొండికేసింది. మాస్టారు పానా పెట్టి లాగారు, పళ్లు బిగించి లాగారు, నట్టు వంశాన్నంతా తిట్టి లాగారు. చివరికి అది కదిలింది. "హమ్మయ్య, వదులు!" అన్నారు ఆయన, ప్రాణం లేచొచ్చినట్టు.

టైలరమ్మ వదిలేసింది.

గొట్టం చివర సీసాలో పైకి తేలి ఉంది. గుటగుటమని గాలంతా లోపలికి పోయింది. మాస్టారు చాప మీద లేచి కూర్చున్నారు, తల కారు అంచుకు కొట్టుకుంది.

"ఎవరు వదలమన్నారు నిన్ను?"

"మీరే కదండీ, వదులు అన్నారు."

"నట్టు వదులైందని అన్నానే! వదులు, అంటే బిగువు పోయిందని!"

"నాకేం తెలుసు? నట్టుతో మాట్లాడుతున్నప్పుడు నట్టుతో అని చెప్పండి. నాతో మాట్లాడుతున్నప్పుడు నాతో అని చెప్పండి."

వేరే రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లే. ఆ రోజు మాస్టారి మొహం ఒక్కసారిగా వెలిగింది, నవ్వుతో కాదు. దొంగ దొరికాడు! "ఇదీ సంగతి! కిందటేడు కూడా నువ్విలాగే వదిలి ఉంటావు. అప్పుడు దూరిన గాలే ఇదంతా. ఆ సైకిలువాడు పడింది ఊరికే పడ్డాడా?"

కొందరు మగవాళ్లుంటారు, ఇంట్లో తప్పు చేసినవాళ్లు దొరికారంటే చాలు, సగం రోగం కుదిరినట్టు తేలికపడతారు. మాస్టారు చెడ్డమనిషి కాదు, కానీ ఆ మధ్యాహ్నం ఆయనకు అలాంటి తేలికే వచ్చింది. టైలరమ్మ మాత్రం కిందటేడు పని గుర్తుచేసుకోబోయింది. కిందటేడు వదిలిందా? వదిలిందేమో. ఆమెకు గుర్తులేదు. తన కాలు ముందే లేచినందుకు ఎవడో పిల్లలు గలవాడు రోడ్డు మీద పడ్డాడన్న ఊహ రాగానే ఆమె పాదాన్ని మళ్లీ పెడలు మీద గట్టిగా ఆనించి పెట్టుకుంది.

"ఇకనుంచి వదులు వద్దు. తియ్యి అంటాను. తియ్యి అంటేనే తియ్యి. అర్థమైందా?"

"అర్థమైంది."

మళ్లీ మొదటినుంచి. తొక్కు, తొక్కా. పట్టు, పట్టా. తియ్యి, తీశా. వెనక చక్రాలు రెండూ, ముందు చక్రాలు రెండూ. వీధిలో పోయేవాళ్లు రేకుల కిందికి తొంగిచూసి ముసిముసిగా నవ్వుకుంటూ పోయారు. ముందు బుడగలు వచ్చాయి, తర్వాత నురగ వచ్చింది, తర్వాత తేనె ధారలాగా ఆయిలు ఒక్కటే వచ్చింది. ఆపైన క్లచ్చు. క్లచ్చు పెడలు తొక్కితే తిరిగి పైకి రాదు, ఆమె ప్రతిసారీ వంగి వేళ్లతో పైకి లాగాల్సి వచ్చింది. నడుము పట్టేసినా లాగుతూనే ఉంది. ఆ రోజు ఆమె కాలు ఒక్కసారి కూడా ముందు లేవలేదు.

"గట్టిపడిందండీ," అంది చివరికి. "కింద బండ పెట్టినట్టుంది."

మాస్టారు చేతులు తుడుచుకుని, హుందాగా తన పక్క సీట్లో కూర్చుని తొక్కారు. కొంచెం ఆగి మళ్లీ తొక్కారు.

"ఇంకా ఉంది గాలి."

"బాగా గట్టిగా ఉందండీ..."

"నీకేం తెలుసు? మెత్తగా దిగిపోతోంది. మళ్లీ చేద్దాం."

మళ్లీ చేశారు. ఆయన మళ్లీ కూర్చుని చూశారు, మళ్లీ అదే మాట అన్నారు. తన సీటుకూ అసలు పెడలుకూ మధ్య ఉన్న కడ్డీ మీద అనుమానం వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని అక్కడా తొక్కారు. అక్కడా దూదే. ఇంకోసారి చేశారు. గొట్టంలో ఒక్క బుడగ లేదు. గాజుగొట్టంలా మెరుస్తూ ఆయిలు పోతూనే ఉంది. కొత్త డబ్బా అడుగంటింది. ఎండ రేకుల మీదినుంచి దిగి గోడ ఎక్కింది. ఇంకాసేపట్లో నర్సమ్మ వచ్చేస్తుంది. మాస్టారి చొక్కా వీపంతా తడిసి చాప గీతలు పడ్డాయి. "ఎక్కడో ఉంది, ఎక్కడో దాక్కుని ఉంది," అని గొణుక్కుంటూ ఆయన నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతుంటే టైలరమ్మకు మొదట విసుగొచ్చింది, తర్వాత జాలేసింది, ఆ తర్వాత ఎందుకో భయం వేసింది.

"మీరు కూర్చుని తొక్కండి," అంది కారు దిగి. "నేను కింద కూర్చుని చూస్తాను. ఎంత దిగుతోందో చూస్తే తెలిసిపోతుంది కదా."

మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. ఆమె తలుపు తెరిచి నేల మీద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"చూడు. దిగిపోతోందా? అదిగో... అదిగో... నేలను తాకింది."

టైలరమ్మ చూస్తోంది. పెడలు అంగుళమంత కూడా దిగలేదు. పైనే, గట్టిగా నిలబడి ఉంది. దాని మీద ఆయన పాదం బలమంతా పెట్టి వణుకుతోంది. వేళ్లు తెల్లగా పాలిపోయి వెనక్కి వంగిపోయి ఉన్నాయి. చెప్పు ఎప్పుడో జారి పక్కన పడింది. చెప్పు పోయిన సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

"ఏం, మాట్లాడవేం? దిగిందా లేదా?"

ఆమె ఆ పాదం మీదినుంచి చూపు తిప్పలేదు. జీవితమంతా కాలితో పని చేసిన మనిషి. పాదం చూస్తే పాదం సంగతి తెలియదా? ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. స్నానాల గదిలో మరిగే నీళ్లు కాలి మీద పడ్డా ఆయన చూసుకోకుండా పాట పాడుకోవడం గుర్తొచ్చింది. బ్రేకు రాయిలా ఉందని మెకానిక్ అన్నాడంటూ నిన్న ఆయన ఇంటికొచ్చి చిందులేయడం గుర్తొచ్చింది. కిందటేడు తాను ముందే వదల్లేదని కూడా ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషం కలగలేదు. తన తప్పే అయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. తన తప్పయితే దిద్దుకోవచ్చు.

"కళ్లు మూసుకోండి," అంది.

"ఎందుకు?"

"మీ పాఠమే. కళ్లు మూసుకుని కాలితో వినండి."

మాస్టారు విసుగ్గానే కళ్లు మూసుకున్నారు. ఆమె ఆయన పాదాన్ని పెడలు మీదినుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే తీసిందని ఆయనకు తెలియలేదు. కాలు ఇంకా పెడలు మీదే ఉందనుకుని తొక్కుతూనే ఉన్నారు, ఆమె ఒడిలోకి. ఆమె రెండు చేతులతో ఆ పాదాన్ని గట్టిగా పట్టుకుంది. బట్ట మడత అణిచిపెట్టినట్టు బొటనవేలిని గోటితో నొక్కింది.

"ఇప్పుడు చెప్పండి. పట్టుకున్నానా, వదిలానా?"

మాస్టారు వినడానికి ప్రయత్నించారు. నిజంగానే ప్రయత్నించారు. తల కొంచెం పక్కకు వాల్చి, నుదురు ముడేసి, ఎంతోమంది చేత వినిపించిన మనిషి ఇప్పుడు తాను విన్నారు. అవతల ఎవరి ఇంట్లోనో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. సీసాలో గొట్టంనుంచి ఆయిలు చుక్క పడిన చప్పుడు వినబడింది.

"దేన్ని పట్టుకున్నావు?" అన్నారు.

"మీరే చెప్పండి."

"ఏమీ పట్టుకోలేదు. వదిలేశావు."

ఆయన కళ్లు తెరిచి కిందికి చూశారు. తన కాలూ, దాని చుట్టూ ఆయిలు మరకలతో ఉన్న ఆమె రెండు చేతులూ కనిపించాయి. వేలి మీద ఆమె గోరు దిగిన చోట ఎర్రగా నెలవంక గుర్తు పడి ఉంది. చాలాసేపు అలాగే చూశారు, ఎవరి కాలినో చూస్తున్నట్టు. తర్వాత ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నీ అర్థమైపోయాయి. మలుపులో ఆ రోజు తాను తొక్కింది బ్రేకును కాకపోవచ్చు, పక్కన నేలను కావచ్చు. ఏది తొక్కిందీ ఇక ఎప్పటికీ తెలియదు. పైపుల్లో గాలి అయితే నట్టు తిప్పి తీస్తారు. దీనికి ఏ నట్టు తిప్పాలి?

"నిన్ను ఊరికే అన్నానే," అన్నారు.

"పోనీలెండి."

"కిందటేడు కూడా నువ్వు సరిగ్గానే..."

"పోనీలెండి అన్నానా."

గేటు చప్పుడైంది. నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చి నిలబడింది. మాస్టారి పాఠం ప్రకారం గేటు దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నేల మీద ఆయిలు డబ్బా, సీసా, పానాలు చూసి నవ్వింది.

"మాస్టారూ, గాలి దొరికిందా? బండి తయారేనా?"

"తయారేనమ్మా," అన్నారు మాస్టారు. "బండికేం లేదు. బ్రేకు రాయిలా ఉంది. రేపటినుంచి నువ్వు ఇంకో మాస్టారిని చూసుకో."

నర్సమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఏం తప్పు చేశానా అని ఆయన వంకా, టైలరమ్మ వంకా చూసింది. ఆమె చూపు టైలరమ్మ ఒళ్లో ఉన్న పాదం దగ్గర ఆగింది. ఆసుపత్రిలో షుగరుకు స్పర్శ పోయిన అలాంటి పాదాలను రోజూ చూసే మనిషి. చేతిలో చెప్పులు మెల్లగా కింద పెట్టింది.

పరాయి మనిషి ముందు అలా కూర్చోవడం మాస్టారికి సిగ్గనిపించింది. భార్య వైపు కాకుండా ఎదురుగా అద్దంలోంచి గోడను చూస్తూ, "ఇంక వదులు," అన్నారు మెల్లగా.

ఆమె వదల్లేదు. ఆ సంగతి ఆయన వంగి చూసుకుంటే గానీ తెలియలేదు.